ఇంటికి ఒక్క ఊపిరి చాలు

ఒక ఇంట్లో ఎంతమంది ఉన్నా ఊపిరి ఒక్కరు పీల్చుకుంటే చాలునని నా గట్టి అభిప్రాయం. మిగతావాళ్లు 'ఆయన పీల్చుకున్నాడు కదా' అని సరిపెట్టుకోవచ్చు!

నవ్వకండి. మీ ఇంట్లో జరుగుతున్నది అదే. ఇంట్లో ఫోన్లు ఎన్ని ఉన్నా, నంబరు రాయమంటే ఎవరిది రాస్తున్నారు? కింద సంతకం ఎవరిది? "మీ ఇంట్లో ఏ సబ్బు వాడతారండీ?" అని ఎవరైనా గుమ్మంలో నిలబడి అడిగితే, పుట్టి బుద్ధెరిగాక సబ్బు కొనని పెద్దమనిషి పేపరు మడిచి పక్కన పెట్టి మరీ జవాబు చెప్పడం లేదూ?

ఫారాల్లో దీనికోసం ఒక గడి ఉంటుంది. 'కుటుంబ యజమాని' అని. ఎక్స్‌రే కనిపెట్టినవాణ్ణి మెచ్చుకుంటాం, స్కానింగు కనిపెట్టినవాణ్ణి మెచ్చుకుంటాం. ఈ గడి కనిపెట్టిన మహానుభావుణ్ణి మాత్రం ఒక్కరమూ తలుచుకోం. వైద్యశాస్త్రానికి ఆయన చేసిన మేలు ఎంతటిదో నాకూ మొన్నమొన్నటిదాకా తెలియదు. మా బావ పుణ్యమా అని తెలిసింది.

మా బావ గుమాస్తా. కిటికీ వెనక కూర్చుని ఫారాలు తీసుకోవడం, ఖాళీ గడి కనిపిస్తే తిప్పి పంపడం ఆయన ఉద్యోగం. ఇరవై ఆరేళ్లుగా అదే పని. ఖాళీ గడి చూస్తే ఆయనకి పంటికింద రాయి పడ్డట్టుంటుంది. వీధిలో ఎవరికి ఏ ఫారం వచ్చినా బావ దగ్గరికే తెస్తారు. ఎదుటివాణ్ణి ఒక్క మాట అడగకుండా మొత్తం నింపేసి చేతిలో పెడతాడు.

"వాణ్ణి అడిగితే తప్పు చెప్తాడోయ్" అంటాడు నాతో.

మా అక్క బడిపిల్లల యూనిఫారాలు కుడుతుంది. మిషను ముందు కూర్చునేటప్పుడు మిగిలిన గుడ్డముక్కలన్నీ ఉండ చుట్టి, కడుపుకీ మిషను బల్లకీ మధ్య ఇరికించుకుంటుంది. ముందుకు వంగి, ఆ ఉండని అదుముకుంటూ కుడుతుంది. చూసేవాళ్లకి పనిమీద ఎంత శ్రద్ధో అనిపిస్తుంది. పొద్దున్నే పరగడుపున ఒక గ్యాసు బిళ్ల వేసుకుంటుంది. అది పడకపోతే ఆవిడ బండి కదలదు.

ఆ బిళ్ల ఎవరు రాశారంటారా? "మా ఇంటావిడకి గ్యాసు" అని బావ చెప్పాడు. మందుల షాపాయన తీసి ఇచ్చాడు. అంతే! కడుపు ఒకరిది, జబ్బు పేరు పెట్టింది ఇంకొకరు, మందిచ్చింది మూడో మనిషి. పని ఇంత చక్కగా పంచుకునే సంసారాలు ఎన్ని ఉంటాయి చెప్పండి!

ఇలా సుఖంగా రోజులు వెళ్లిపోతుంటే మా వీధి మీద పెద్దాసుపత్రి పరిశోధకుల కన్ను పడింది.

కడుపులో బతికే సూక్ష్మక్రిమి ఒకటి ఉందట. ఇనుప మేకుని కూడా కొరికేసే యాసిడ్‌లో అది హాయిగా కాపురం పెడుతుందట. చాలామందిని ఏమీ చెయ్యదు. కొందరికి పుండు చేస్తుంది. ఆ కొందరిలో కొందరికి, ఏళ్లు గడిచాక, కేన్సర్‌కి దారి తీస్తుంది. ముందే పట్టుకుంటే రెండు వారాల మాత్రలతో క్రిమి పోతుంది. పట్టుకోవడం ఎలాగంటే, పుల్లటి మందునీళ్లు తాగి, అరగంట ఆగి, ఒక సంచీలోకి ఊదాలి. క్రిమి ఉంటే ఊపిరే చెప్పేస్తుంది. మన వీధిలో మనుషులకంటే ఊపిరికే నిజం చెప్పే అలవాటు ఎక్కువని వాళ్లకి ఎలా తెలిసిందో!

సర్వే అమ్మాయి ఇంటింటికీ వచ్చి, మనిషికొక మందునీళ్ల సీసా, మనిషికొక సంచీ, వాటితోపాటు ఒక ఫారం ఇచ్చింది. సంచీల మీద పేర్లు అంటించి ఉన్నాయి. మర్నాడు పది గంటలకల్లా తిరిగి ఇచ్చెయ్యాలి.

మర్నాడు తొమ్మిదికి బావ తన నీళ్లు తాగాడు. అక్క మిషను మీద ఉంది.

"ఏమే, నీ సంచీ?"

"ఈ నాలుగు కాలర్లూ అయిపోనివ్వండి."

తొమ్మిదింపావైంది. కాలర్లు అయ్యాయి, జేబులు మొదలయ్యాయి. బావ బల్ల మీద చూశాడు. అక్క పేరు అంటించిన సంచీ, చదునుగా, ఖాళీగా! ఇరవై ఆరేళ్ల సర్వీసు ఉన్న మనిషి ఆ దృశ్యం ఎలా భరిస్తాడు? మందునీళ్లు పారబొయ్యడం తప్పని అక్క సీసా కూడా తనే తాగేశాడు. అరగంట కాగానే తన సంచీలోకి ఊదాడు. అదే దమ్ములో మిగిలింది అక్క సంచీలోకి ఊదాడు. బిగించి కట్టి, ఫారంలో 'నొప్పి ఉన్నదా' అన్నచోట 'లేదు' అని గుండ్రటి అక్షరాలతో రాశాడు.

అంతటితో ఊరుకోలేదు. "మా ఆవిడకి తీరట్లేదండీ", "మా ఆవిడ నీళ్లు పట్టడానికి వెళ్లిందండీ" అని సంచీలు పట్టుకుని వచ్చిన మగాళ్లందరికీ ఆయన సలహా ఒక్కటే.

"ఇంట్లో తిండి ఒకటేనా? నీళ్లు ఒకటేనా? మరి ఊపిరి మాత్రం రెండెందుకయ్యా! ఊదేసి ఇచ్చెయ్, పనైపోతుంది."

నెల తిరక్కుండానే ఫలితాలు వచ్చాయి. ఆసుపత్రిలో పెద్ద డాక్టరు చాలా సంతోషించాడట. మగవాళ్లకొక గీత, ఆడవాళ్లకొక గీత గీస్తే రెండూ ఒకదాని మీద ఒకటి పడ్డాయి. ఎన్ని ఉపన్యాసాలు ఇచ్చినా రాని సమానత్వం, మా బావ ఒక్క ఊదుతో తెచ్చేశాడు!

కాని సర్వే అమ్మాయికి అంత ఆనందం కలగలేదు. ఎనభై మూడు ఇళ్లలో అరవై ఒక్క జంటలకి అంకెలు చుక్క తరవాతి అంకెతో సహా ఒక్కటే వచ్చాయి. ఆ అమ్మాయి కాగితాలు పట్టుకుని మొదట అక్కావాళ్లింటికే వచ్చింది. ఆ వేళకి నేను అక్కడే ఉన్నాను.

"సార్, మీది ఒకటి పాయింట్ నాలుగు. అమ్మది కూడా ఒకటి పాయింట్ నాలుగు."

"మంచిదేగా తల్లీ! పాతికేళ్ల కాపురం. ఒకటే ప్రాణంగా బతుకుతున్నాం."

"ప్రాణం ఒకటే అనుకోండి సార్. కడుపులు రెండు కదా. ఆ సంచీ ఎవరు ఊదారు?"

బావ నొచ్చుకున్నాడు. "అయితే ఖాళీ సంచీ ఇమ్మంటావా? అది పద్ధతేనా?"

అమ్మాయి నిట్టూర్చి, కుర్చీ ఈడ్చుకుని మిషను పక్కకి జరిగింది. "అమ్మా, ఆకలి వేస్తుందా?"

"వేస్తుంది" అన్నాడు బావ.

"కడుపులో నొప్పి ఏమైనా?"

"నొప్పేం లేదు, గ్యాసు."

"నేను అమ్మని అడిగాను సార్."

"నేను చెప్తున్నది ఆవిడ సంగతే కదమ్మా!"

అక్క దారం కొరికి, తలెత్తకుండా అంది. "ఆయన చెప్పింది నిజమేనమ్మా. గ్యాసే."

 అమ్మాయి గుడ్డ ఉండకేసి చూసింది. అది ఒకవైపు అరిగి, మనిషి కడుపు ఒంపులోకి సరిగ్గా తిరిగిపోయి ఉంది. ఇన్నేళ్లుగా ఆ ఇంటికి వెళ్లివస్తున్న నేను దాన్ని అలా ఎప్పుడూ చూడలేదు. అమ్మాయి దాన్ని వేలితో తాకి, మెల్లిగా చెప్పింది.

"ఈసారి మీరే ఊదాలమ్మా. కాని బిళ్ల వేసుకుంటూ ఊదితే క్రిమి దాక్కుంటుంది. రెండు వారాలు బిళ్ల మానెయ్యాలి. పరీక్షకి ముందు ఆరు గంటలు ఏమీ తినకూడదు."

"తినకుండా ఉండడం నాకు అలవాటేలే" అంది అక్క. "రెండు వారాలే కష్టం. బడి తెరిచేలోగా డెబ్భై జతలు ఇవ్వాలి."

ఆ రెండు వారాలూ మా బావ పడ్డ బాధ పగవాడికి కూడా వద్దు! మూడోరోజు నుంచి కూరలో ఉప్పు తప్పింది. అయిదోరోజు అక్క భోజనం మధ్యలో లేచి వెళ్లిపోయింది; మంచినీళ్లు ఆయనే పోసుకోవలసి వచ్చింది. పాతికేళ్లలో చూడని ఘోరాలన్నీ ఒక్క పక్షంలో చూశాడు.

తొమ్మిదోరోజు మధ్యాహ్నం మిషను చప్పుడు ఆగిపోయింది.

"ఏమే, దారం తెగిందా?" అని పక్కగదిలోంచి అరిచాడు బావ.

 వెళ్లి చూస్తే అక్క మిషను కాళ్లకి వీపు ఆనించి నేలమీద కూర్చుని ఉంది. రెండు చేతులతో ఆ ఉండని కడుపుకి నొక్కుకుని, పై పెదవి మీద చెమటతో, కళ్లు మూసుకుని. ఆ భంగిమకి ఆయన ఫారాల్లో గడి ఎక్కడా లేదు.  గబగబా వెళ్లి అలమారలోంచి బిళ్ల, గ్లాసుతో నీళ్లు తెచ్చాడు.

"వేసేసుకో. ఆ పిల్లకి నేను ఏదో చెప్తాలే."

అక్క బిళ్లకేసి చూసింది. చాలాసేపే చూసిందని తరవాత బావే నాతో చెప్పాడు.

"వద్దండీ. తొమ్మిది రోజులయ్యాయి. ఇప్పుడు వేసుకుంటే మళ్లీ మొదటినుంచి రావాలి."

పదిహేనోరోజు అక్క ఊదింది. సంచీ నోట్లో పెట్టుకుని అలవాటు కొద్దీ ఒకసారి బావకేసి చూసింది. పాపం, ఆయన ఏం చెయ్యగలడు! సంచీ నిండింది. అంకె ముప్ఫై ఎనిమిది వచ్చింది. నాలుగు దాటితే క్రిమి ఉన్నట్టేనట.

ఆపైన గొట్టం వేసి లోపల చూశారు. పుండు ఉంది. చిన్న ముక్క తీసి పరీక్షకి పంపారు. ఆ రిపోర్టు వచ్చేదాకా వారం రోజులు మా బావ ఎవరి ఫారమూ నింపలేదు. ఇంటికొచ్చిన వాళ్లని "మీరే రాసుకోండయ్యా" అని పంపేశాడు. వీధివాళ్లు ఆయనకి ఒంట్లో బాగాలేదనుకున్నారు.

రిపోర్టు రోజున నేనూ వెంట వెళ్లాను. డాక్టరమ్మ కాగితం రెండుసార్లు చదివింది. బావ చేతిలో రుమాలు తాడులా మెలితిరిగిపోయింది.

"కేన్సర్ కాదు" అంది. "కాని కణాలు మారడం మొదలైంది. ఇలాగే వదిలేస్తే అటే వెళ్లేదేమో. ముందు క్రిమిని చంపుదాం. తరవాత ఏడాదికోసారి గొట్టం వేసి చూస్తూ ఉండాలి. సరేనా? నొప్పి ఎప్పటినుంచి?"

"ఓ ఆర్నెల్లుగా" అన్నాడు బావ.

"పదకొండేళ్లు" అంది అక్క.



"మా చిన్నది బళ్లో చేరిన ఏడు మొదలైందండీ. ముందు ఆకలేసినప్పుడు ఉండేది. తరవాత తిన్నా ఉండేది. ఈమధ్య వంగినా, లేచినా..." అక్క చెబుతూనే ఉంది. నెమ్మదిగా, కుట్టుకి కుట్టు తప్పకుండా, పదకొండేళ్లూ చెప్పింది. డాక్టరమ్మ రాసుకుంటూనే ఉంది. బయట వరసలో వాళ్లు రెండుసార్లు తలుపు తోసి చూశారు.

అంతా అయ్యాక బావ అడిగాడు, "నాకెప్పుడూ చెప్పలేదేమే?"

"చెప్పాను. మీరు గ్యాసన్నారు."

ఆవిడ కోపంగా అనలేదు. కోపంగా అన్నా బాగుండేది.

సర్వే అమ్మాయి ఇప్పుడు మిగిలిన అరవై ఇళ్లకీ రెండోసారి తిరుగుతోంది. పెద్ద డాక్టరు గీతలు ఇప్పటికే వంకర తిరిగాయి. ఆడవాళ్లది ఎక్కడికో పైకి పోయిందట. పరిశోధన పాడైపోయిందని కొందరు బాధపడుతున్నారు. అయినా 'కుటుంబ యజమాని' గడి మంచిదనే నా వాదన మారదు. మనిషికొక గడి పెడితే ఎంత కాగితం ఖర్చు! మనిషి మనిషినీ కూర్చోబెట్టి అడిగితే, చెప్పిందంతా వింటే, ఎంత సమయం వృథా! పదకొండేళ్ల నొప్పి వినడానికి ఆ డాక్టరమ్మకి అక్షరాలా పద్దెనిమిది నిమిషాలు పట్టింది. మన దగ్గర అంత తీరిక ఎక్కడేడిసింది?

ఆ అరవై ఇళ్లలో మాదీ ఒకటి. సంచీలు రెండూ నేనే ఊదాను. అంకెలు రెండూ సున్నా పాయింట్ తొమ్మిది. మా ఆవిడదీ గ్యాసు బిళ్లే, అది మానేసి ఇవాళ్టికి ఆరోరోజు. ఆవిడకి ఎలా ఉందో కూడా మీకు చెప్పి ముగిద్దామని రెండు మాటలు రాశాను. 'పరవాలేదు, కులాసాగానే ఉంది' అని.

రాశాక చూసుకుంటే, ఆవిణ్ణి అడగనేలేదు.

ఉండండి, అడిగొస్తాను.