ఒప్పందం ప్రకారం విరహం

నలుగురు సభ్యుల పాప్ రాక్ బృందం ఒకటి దేశంలోకెల్లా పెద్ద పాటల కంపెనీతో తన మొదటి ఆల్బమ్‌కు ఒప్పందం కుదుర్చుకుంది. ఆల్బమ్ పూర్తయ్యేదాకా గాయకుడు భార్యకు దూరంగా ఉండాలన్నది అందులో పదకొండో షరతు. మిగతావన్నీ మామూలు షరతులే.

గాయకుడు పగలు కళ్ళజోళ్ళ దుకాణంలో అద్దాలు అరగదీసేవాడు. భార్య జనానికి కారు నడపడం నేర్పేది. ఆమె పకపకా నవ్విందంటే పక్క గదిలో గిటారు తీగలు కూడా కదిలేవి. అతని పాటలన్నీ ఆ నవ్వులోంచి పుట్టినవే. వానలో బస్సు దొరికిన ఆనందం ఒక పాట, ఆమె శిష్యుడొకడు కారు వెనక్కి తీస్తూ గోడను పలకరించడం ఇంకో పాట.

కంపెనీలో ఆల్బమ్‌ల సంగతి చూసే అధికారి ఒప్పందానికి ముందు ఆ పాటలన్నీ కళ్ళు మూసుకుని విన్నాడు.

"చాలా బాగున్నాయి, అదే వచ్చిన చిక్కు," అన్నాడు దిగులుగా. "నీ పాటలు వింటే నాకే హాయిగా ఉంది తమ్ముడూ. హాయిగా ఉన్నవాడు ఆల్బమ్ ఎందుకు కొంటాడు? లేచి ఇంటికెళ్ళి పడుకుంటాడు. మా కంపెనీ నలభై ఏళ్ళుగా ఈ జాతి కన్నీటిని కంటికి రెప్పలా కాపాడుతోంది. పోనీ, నీకేమైనా కష్టాలున్నాయా?"

గాయకుడు నిజాయితీగా ఆలోచించాడు. "వంటింట్లో కుళాయి కారుతోందండీ."

అధికారి రాసుకుని, మళ్ళీ కొట్టేశాడు. పదకొండో షరతు అలా పుట్టింది.

హోటళ్ళలో భోజనాల వేళ, ఎవరూ వినకపోయినా, పదేళ్ళుగా పాడుతున్న బృందం అది. ఇంకో అవకాశం రాదని భార్యకూ తెలుసు. షరతు రెండుసార్లు చదివింది.

"అక్క వాళ్ళింట్లో ఉంటాలే. పక్క వీధే కదా. రెండు పూటలా భోజనానికి వచ్చెయ్."

విరహం సోమవారం నుంచి అధికారికంగా అమల్లోకి వచ్చింది. వదినగారి చేతి వంటతో గాయకుడు మూడు వారాల్లో రెండు కిలోలు పెరిగాడు. విరహంలో బుగ్గలొచ్చిన కళాకారుణ్ణి తన సర్వీసులో చూడలేదని అధికారి తల పట్టుకున్నాడు. కంపెనీ రాయించిన విషాద గీతాలను గాయకుడు సెలవు దొరికినవాడిలా పాడుతున్నాడు. "నువ్వు ఏడుస్తుంటే ఎవరో కితకితలు పెడుతున్నట్టుందిరా," అన్నాడు డ్రమ్ములు వాయించేవాడు.

నాలుగో వారం గాయకుడి ఎడమ దవడ పంటి చిగురు వాచింది. ఆ రోజు పాటలో "ఎక్కడున్నావు" అనే మాట దగ్గర స్వరం పైకి ఎత్తాడు. అంతే, గుండెలు పిండే కేక ఒకటి వెలువడింది. అద్దాల గదిలో రికార్డింగ్ ఇంజనీరు చెవుల మీది యంత్రం తీసేసి కళ్ళు తుడుచుకున్నాడు.

అధికారి లేచి నిలబడ్డాడు. "ఇన్నాళ్ళూ ఆ గాయాన్ని ఎక్కడ దాచావయ్యా?"

నోరు పెగలక గాయకుడు చెయ్యి దవడకు ఆనించి చూపించాడు. ఫొటోగ్రాఫరు చప్పున తీసిన ఆ భంగిమే తర్వాత ఆల్బమ్ అట్ట మీదికి ఎక్కింది. అసలు సంగతి పన్ను నొప్పి అని తెలిశాక కూడా అధికారి చలించలేదు. తొమ్మిది పాటలూ పూర్తయ్యేలోగా దంతవైద్యుణ్ణి సంప్రదించడం కళాద్రోహంగా పరిగణించబడుతుందని కాగితం పంపాడు.

ఆ కాగితం చూసి భార్య మండిపడింది. "విరహానికి ఒప్పుకున్నాను గానీ చీముకి ఒప్పుకోలేదు!" అని శిక్షణ కారు తెచ్చి స్టూడియో గుమ్మంలో ఆపింది. ఇంజను ఆపకుండా హారన్ మోగిస్తూనే కూర్చుంది. ఆ గోలకు భయపడి మిగిలిన ఐదు పాటలూ ఒక్క మధ్యాహ్నంలో ముగించారు. ఆ సాయంత్రమే పన్ను ఊడింది, ఆమె తిరిగి ఇంటికొచ్చింది.

ఆల్బమ్ విడుదలై దేశాన్ని ఊపేసింది. బస్సుల్లో, బ్యాంకుల్లో యువతీయువకులు దవడకు చెయ్యి ఆనించుకుని దర్శనమిచ్చారు. ఇంతటి నిజమైన వేదన ఈ తరంలో వినలేదని విమర్శకులు రాశారు. అటువంటి మహానుభావుణ్ణి వదిలి వెళ్ళిన రాక్షసి ఎవరో కనుక్కోవడానికి జనానికి వారం కూడా పట్టలేదు. ఆమె శిష్యులు ఒక్కొక్కరే మానేశారు. ఒక పెద్దమనిషి నడిరోడ్డు మీద ఆమె కారును ఆపి, దాంపత్య ధర్మం గురించి అరగంట బోధించాడు. వెనక ట్రాఫిక్ అంతా ఓపిగ్గా విని చప్పట్లు కొట్టింది.

ఆమె నెల రోజులు ఓర్చుకుంది. విజయోత్సవ సభలో మాత్రం తిన్నగా వేదికెక్కి మైకు లాక్కుంది.

"ఆయన ఏడ్చింది నా కోసం కాదండీ, పంటి కోసం. పీకించేశాం. మేమిద్దరం ఒకే ఇంట్లో సుఖంగా ఉన్నాం."

చెప్పి పకపకా నవ్వింది. గాయకుడికీ నవ్వు ఆగలేదు. బృందం గోడను పలకరించిన కారు పాట ఎత్తుకుంది. సభలో రెండు వేల మంది చెమ్మగిల్లిన రుమాళ్ళతో, మోసపోయిన ముఖాలతో కూర్చున్నారు.

మర్నాడు కంపెనీ ఒప్పందం రద్దు చేసింది. బృందం మళ్ళీ హోటల్లో భోజనాల వేళ తమ పాటలు తాము పాడుకుంటోంది, వెనకటికంటే హుషారుగా.

ఉత్తరాలు మాత్రం ఇప్పటికీ సంచుల కొద్దీ వస్తున్నాయి. ఒక్కదానిలోనూ కోపం లేదు, అన్నీ ఆప్యాయంగానే ఉంటాయి. "అన్నయ్యా, వదిన మీతోనే ఉందని తెలిసి మా మనసు విరిగిపోయింది. అధైర్యపడకండి. త్వరలోనే మీకు నిజమైన కష్టం ఏదైనా రావాలని మా ఇంటిల్లిపాదీ కోరుకుంటున్నాం."

భార్యాభర్తలు ప్రతి ఉత్తరానికీ పేరుపేరునా జవాబు రాస్తున్నారు. మీ ఉత్తరానికి జవాబు ఇంకా రాకపోతే కాస్త ఓపిక పట్టండి. మీలాంటివాళ్ళు చాలామంది ఉన్నారు.