జడ్జిగారి ఊపిరే ప్రమాణం

స్లేట్‌ఫోర్క్ కౌంటీలో ఊపిరితిత్తుల క్యాన్సర్‌ను జూన్ ముప్పయ్యో తేదీ సాయంత్రం ఐదు గంటల నుంచి రద్దు చేస్తున్నట్టు జడ్జి హోబర్ట్ స్లోన్ గారు కోర్టుహౌసు మెట్ల మీద నిలబడి ప్రకటించారు. ఆయన కేసులు వినే జడ్జి కాదు. అమెరికాలోని కెంటకీ కొండల్లో కౌంటీని, అంటే జిల్లాను, ఏలే పెద్దను జడ్జి అనే పిలుస్తారు. అందువల్ల ఏ కేసూ వినకుండానే అన్నిటికీ తీర్పు చెప్పే సౌకర్యం ఆయనకు ఉంది.

రద్దు చేసే యంత్రం అప్పటికే కౌంటీ ల్యాబుకు వచ్చేసింది. రోగి గొంతులోంచి సన్నటి గొట్టం దింపి, ఊపిరితిత్తిలో కాస్త ఉప్పునీరు పోసి, మళ్ళీ వెనక్కి లాగుతారు. ఆ నీళ్ళలో ఏ ప్రోటీను ఎంతుందో యంత్రం చెబుతుంది. ఆరోగ్యవంతుల నీళ్ళలో కన్నా ఎక్కువుంటే అనుమానించాలి. అలా చేస్తే కణితి కంటికి కనపడక ముందే దొరుకుతుందట.

ఆ ల్యాబులో సీసాలకు లేబుళ్ళు అంటించే పని ట్వైలాది. పదో తరగతి మధ్యలో మానేసిన పిల్ల. ప్రోటీన్ల పేర్లకు నోరు తిరగదు గానీ, నలభై రెండో నంబరు సీసా ఎవరిదో తెలుసు. అది ఆమె మొగుడు ఎల్డన్‌ది. బొగ్గుగని పైకప్పు కూలకుండా పన్నెండేళ్ళు ఇనుప బోల్టులు బిగించిన మనిషి, ఇప్పుడు చంటిదాన్ని ఎత్తుకుని మూడు మెట్లెక్కలేకపోతున్నాడు. ల్యాబు కాగితం మీద "అనుమానం" అని ఉంటేనే బీమావాళ్ళు సిన్సినాటి పెద్దాసుపత్రికి పంపుతారు. చర్చిలో అందరూ మంచి రిపోర్టు రావాలని ప్రార్థిస్తుంటే, ట్వైలా ఒక్కతే ఉన్నది ఉన్నట్టు రావాలని ప్రార్థించింది.

రోగులకు కొదవ రాలేదు. ఎనభై మంది వరసగా వచ్చి గొట్టం మింగారు. పోల్చి చూడటానికి నలభై మంది ఆరోగ్యవంతులు కావాలన్నాడు ల్యాబు డాక్టర్ హెన్రిక్సన్. మిన్నెసోటా నుంచి కొత్తగా వచ్చినవాడు, పాపం. కౌంటీ అంతా గాలిస్తే పొగ తాగనివాళ్ళూ గని దిగనివాళ్ళూ పదకొండు మంది తేలారు. అందులో తొమ్మిదిమంది సండే స్కూలు పిల్లలు.

"నలభై మంది దేనికయ్యా? నిఖార్సయినవాడు ఒక్కడు చాలడూ?" అని జడ్జిగారు కోటు విప్పారు.

టీవీ కెమెరాల ముందు గొట్టం దిగింది. ఆ ఇరవై నిమిషాలూ జడ్జిగారు మాట్లాడలేకపోయారు. ప్రజల కోసం ఆయన చేసిన త్యాగాల్లో అదే పెద్దదని ఇప్పటికీ చెప్పుకుంటారు.

ఆయన నీళ్ళలో, ఎనభై మందిలో ఒక్కరికీ లేనన్ని ప్రోటీన్లు వచ్చాయి. హెన్రిక్సన్ ఆ కాగితం పట్టుకెళ్ళి, జడ్జిగారు వెంటనే ఎవరికైనా చూపించుకోవాలని మెల్లగా అన్నాడు. ప్రచారం పనులు చూసే రోండా అతన్ని సరిదిద్దింది.

"మీరు చూడటమే తిరగేసి చూస్తున్నారు డాక్టర్. జడ్జిగారికి ఎక్కువ లేవు. జనానికే తక్కువున్నాయి."

కౌంటీ సభ కూర్చుంది. తక్కువున్నాయంటే జనానికి తలో కోడి పంచాలేమోనని ఒక సభ్యుడు సందేహం వెలిబుచ్చాడు. కోళ్ళ సంగతి ఉపసంఘానికి అప్పగించి, జడ్జిగారి అంకెలే ఇకపై కౌంటీకి నార్మల్ అని ఏకగ్రీవంగా తీర్మానించారు. ఇది సైన్సు కాదన్నాడు హెన్రిక్సన్. ఆ మాట నిజమేననీ, ఇది చట్టమనీ రోండా ఒప్పుకుంది.

ఎనభై మందికీ నార్మల్ అని ఉత్తరాలు వెళ్ళాయి. గడువుకు పదిహేడు రోజుల ముందే క్యాన్సర్ రద్దయింది. హైస్కూలు బ్యాండు వాయించింది. ఊరందరికీ ఉడికించిన చిక్కుడు గింజలూ మొక్కజొన్న రొట్టెలూ పెట్టారు. జనం దగ్గు ఆగినప్పుడల్లా చప్పట్లు కొట్టారు.

ట్వైలా ఎల్డన్‌కొచ్చిన ఉత్తరం పట్టుకుని జడ్జిగారి దగ్గరకు వెళ్ళింది. పొద్దున ఎల్డన్ దగ్గితే రుమాలులో నెత్తురు పడిందని చెప్పింది.

"ఏమ్మాయ్, నీ మొగుడికి జబ్బుండాలని కోరుకుంటున్నావా?"

"నేను కోరుకుంటే వచ్చింది కాదండీ. ఉన్నది రాయమంటున్నాను."

"ఎట్లా రాస్తాం? అతని అంకెలు నాకన్నా బాగున్నాయి." జడ్జిగారు కాసేపు దగ్గి, మంచినీళ్ళు తాగి, మళ్ళీ నవ్వారు. "నన్ను చూడు. నేనేమన్నా సిన్సినాటి పరిగెత్తానా?"

ట్వైలా ల్యాబుకు తిరిగొచ్చింది. హెన్రిక్సన్ ఆమె వంక చూడలేదు. యంత్రం అసలు అంకెల్ని ఎక్కడా పారెయ్యదని, మూడో మీట నొక్కితే ఏ రోగివైనా అచ్చవుతాయని కిటికీతో చెప్పి, కాఫీకి వెళ్ళాడు. ఆ కాఫీ తాగడానికి అతనికి నలభై నిమిషాలు పట్టింది.

గురువారం చంటిదాన్ని అత్తగారికి అప్పజెప్పి, ఎల్డన్‌ను పికప్ ట్రక్కులో కూర్చోబెట్టుకుని ట్వైలాయే సిన్సినాటికి నడిపింది. ఆసుపత్రి కౌంటరు దగ్గర వాళ్ళ ముందు నల్లకళ్ళద్దాల మనిషొకరు చేపలు పట్టేవాళ్ళ టోపీ పెట్టుకుని నిలబడ్డారు.

"మీ బీమావాళ్ళు ఒప్పుకోవట్లేదండీ," అంటోంది కౌంటరు అమ్మాయి. "మీ కౌంటీ ల్యాబు మీరు నార్మల్ అంటోంది."

"ఎవడన్నాడు నార్మలని?"

ఆమె కాగితం తిరగేసింది. "హోబర్ట్ స్లోన్ అని సంతకముందండీ."

ఆ మనిషి పక్కకు తప్పుకున్నారు. ట్వైలా నలభై రెండో నంబరు అంకెలు ఇచ్చింది. లోపల్నుంచి డాక్టరమ్మ వచ్చి, వాటిని తమ ఆరోగ్యవంతుల అంకెల పక్కన పెట్టి చూసి, చక్రాల కుర్చీ తెప్పించింది. బీమావాళ్ళతో తనే మాట్లాడతానంటూ ఎల్డన్‌ను లోపలికి తీసుకెళ్ళింది.

ట్వైలా బెంచీ మీద కూలబడింది. కాసేపటికి జడ్జిగారు వచ్చి పక్కన కూర్చుని కళ్ళద్దాలు తీశారు.

"అమ్మాయీ, ఆ అంకెల కాగితం నాది కూడా ఏమన్నా తెచ్చావా?"

"మీది ల్యాబులో లేదండీ. యంత్రంలోంచి కూడా తీయించి, ఫ్రేము కట్టించి, కోర్టుహౌసులో జెండా పక్కన బిగించారు. దించాలంటే సభ తీర్మానం కావాలటండీ."

ఆయన ఎల్డన్ వెళ్ళిన తలుపు కేసి చూశారు.

"సభ మళ్ళీ ఎప్పుడు?"

"సెప్టెంబర్లోనండీ. ఇంక చెయ్యడానికి పనేం మిగల్లేదని మీరే వాయిదా వేశారు."