బాబు గొట్టంలో ఇరుక్కున్నాడు

ఆ ఆదివారం పొద్దున పళ్ళ డాక్టరు వేసుకున్న పథకంలో మెలికలేమీ లేవు. కాఫీ తాగడం, గొట్టాన్ని రెండో అంతస్తు నుంచి డాబా మీదికి చేర్చడం, చీకటి పడగానే చంద్రుణ్ణి చూడటం. అంతే.

గొట్టం అంటే ప్లైవుడ్డుతో ఆయన స్వయంగా చేసుకున్న టెలిస్కోపు. మనిషంత పొడవు, ఎనిమిది పలకలు, లోపలంతా నల్లరంగు. అడుగున పెద్ద పళ్ళెమంత గుంట అద్దం కూర్చోవాలి. ఆ అద్దం, పై కొసన కన్ను పెట్టి చూసే కటకం, ఈ రెండే కొన్నవి. మిగతాదంతా ఆయన చేతిపనే. రోజంతా జనం నోళ్ళలోకి తొంగిచూసే మనిషికి, "తెరవండి, ఇంకాస్త తెరవండి" అని బతిమాలే పని లేకుండా చూడగలిగింది ఏదైనా ఒకటి ఉంటే బాగుండుననిపించింది. ఏడాదిపాటు ఆదివారాలన్నీ రంపానికీ బంకకీ ధారపోశాడు. రెండుసార్లు పలకలు వంకర తిరిగాయి. రెండుసార్లూ పళ్ళు బిగించి మొత్తం విప్పి మళ్ళీ కోశాడు. ఇంత చేసినా దాంతో ఇంతవరకూ ఆయన చూసిందేమీ లేదు. అది తయారైన గది కిటికీలోంచి కనిపించేది పక్కింటి గోడ.

"ఏవండీ, సాయంత్రానికి ఆ గది ఖాళీ కావాలి," అంది భార్య కాఫీ ఇస్తూ. "మా అమ్మ ఇంకెన్నాళ్ళు హాల్లో సోఫా మీద ముడుచుకుని పడుకుంటుంది? చంద్రుడో మా అమ్మో ఇవాళ తేలిపోవాలి."

"తేలిపోతుంది. ప్రెసిడెంటుగారు డాబా మీద పెట్టుకోమన్నారుగా."

ప్రెసిడెంటుగారంటే అపార్టుమెంటు సంఘానికి ప్రెసిడెంటు. నాలుగో అంతస్తులో ఉంటాడు. డాక్టరు చెప్పులరిగేలా తిరిగాక, "ఈ ఒక్క ఆదివారానికే. అదీ ఎవరికీ ఇబ్బంది లేకుండా," అని వరమిచ్చాడు.

డాక్టరు మెట్ల మలుపులన్నీ టేపు పెట్టి కొలిచాడు. గొట్టం పడుతుంది. అయితే అది పైకీ కిందికీ వంగడానికి రెండు పక్కలా గుండ్రటి చెక్కలు ఉండాలి. వాటిని ఆయన చెవులనేవాడు. చెవులు మాత్రం డాబా ఎక్కాకే బిగించాలన్నది ఆయన లెక్క. ఆ లెక్క సాయం చేయడానికి వచ్చిన బావమరిదికి తెలియదు. అతను ఫర్నిచరు షాపులో పని చేస్తాడు. చెక్క కనబడితే చేతులు ఊరుకోవు. డాక్టరు స్నానం చేసి వచ్చేసరికి చెవులు రెండూ గొట్టానికి అతుక్కుని ఉన్నాయి.

"నట్లు లోపల్నుంచి వేశా బావా. ఏనుగు లాగినా ఊడవు."

"విప్పెయ్. మెట్ల దగ్గర పట్టదు."

"పట్టకేం! ముందు గుమ్మం దాటించి చూద్దాం."

గుమ్మం సుబ్బరంగా దాటింది. చంద్రుడు దొరికినంత సంబరపడ్డారిద్దరూ. రెండో అంతస్తుకీ మూడో అంతస్తుకీ మధ్య మలుపులో ఒక చెవి రెయిలింగు ఊచల్లోకి దూరింది, రెండోది గోడలో నాటుకుంది. ఎత్తితే ఎక్కదు, దించితే దిగదు. బావమరిది ఒక్క ఉదుటున లాగాడు. దాంతో అంతకు ముందున్న కాస్త సందు కూడా పోయింది.

నట్లు విప్పితే తప్ప దారి లేదు. నట్లేమో లోపలున్నాయి, ఏ కొస నుంచీ చెయ్యి అందదు. "చేసింది నేనేగా, నేనే విప్పుతా," అని బావమరిది పానా పట్టుకుని, చేతులు ముందుకు చాచి, అడుగు వైపు నుంచి గొట్టంలోకి దూరాడు. నడుం దాకా వెళ్ళి ఆగిపోయాడు.

"బావా, వెనక్కి రాలేకపోతున్నా. కటిక చీకటిగా ఉంది లోపల."

"అలాగే ఉండాలి. నల్లరంగు బాగా పట్టిందన్నమాట," అన్నాడు డాక్టరు. అంతలోనే విషయం బుర్రకెక్కి ఆ కాళ్ళు పట్టుకుని లాగాడు. చెప్పులు మాత్రం వచ్చాయి.

అద్దాన్ని బొంతలో చుట్టి ఒళ్ళో పెట్టుకుని కింది మెట్టు మీద కూర్చున్న భార్య, "అమ్మా, ఎవరినైనా పిలువు!" అని కేకేసింది. అత్తగారు బాల్కనీలోకి పరిగెత్తింది. ఆవిడకి కొడుకు పుట్టినప్పటి నుంచీ ఇప్పటి దాకా బాబే. కింద కుట్టుమిషను దగ్గరున్న దర్జీ ఆవిడ కనబడగానే, "అమ్మాయ్, బాబు గొట్టంలో ఇరుక్కున్నాడు! ఎవరినైనా పిలవ్వే తల్లీ!" అని గొల్లుమంది.

ఆ ఆవరణలో దర్జీ ఆవిడకి తెలిసిన గొట్టం ఒక్కటే, గేటు పక్కన ఎండిపోయిన బోరుది. మిషను ఆపి ఫోనందుకుంది. "సార్, చంటిబాబు బోరుగొట్టంలో పడిపోయాడు. పైనుంచి వాళ్ళ అమ్మమ్మ ఏడుస్తోంది."

ఆ తరవాత జరగాల్సినవన్నీ ఎంతో సమర్థంగా జరిగాయి. ఫైరింజను వచ్చింది. అంబులెన్సు వచ్చింది. మట్టి తవ్వే యంత్రం గేటు పక్కనున్న పూలమొక్కల్ని తొక్కుకుంటూ వచ్చి, బోరు పక్కన తవ్వడం మొదలెట్టింది. గుంట చుట్టూ పసుపుపచ్చ పట్టీ కట్టారు. వీధి వీధంతా అక్కడే నిలబడింది. ఒక టీవీ విలేకరి జనంలోంచి దూసుకొచ్చి, అప్పుడే కిందికి దిగిన అత్తగారి ముందు మైకు పెట్టాడు.

"అమ్మా, ధైర్యంగా ఉండండి. బాబు వయసెంత?"

"ముప్ఫై నాలుగు."

"నెలలా?"

"నెలలేమిటి నాయనా, ఏళ్ళు. పొద్దుట్నుంచీ పచ్చి మంచినీళ్ళు కూడా ముట్టలేదు వెర్రినాగన్న."

విలేకరి మైకు వెనక్కి తీసుకోబోయాడు. కాని అప్పటికే దేశమంతా చూస్తోంది. కెమెరా వైపు తిరిగి, "బాబు వయసుపై ఇంకా స్పష్టత రావాల్సి ఉంది," అన్నాడు.

ఇదిలా ఉండగా నాలుగో అంతస్తు నుంచి ప్రెసిడెంటుగారు ఇస్త్రీ మడత నలగని తెల్లబట్టల్లో మెట్లు దిగుతూ వచ్చాడు. ఒక పుస్తకాల కొట్టు ప్రారంభోత్సవానికి ఆయన ముఖ్య అతిథి. మలుపు తిరగగానే దారికడ్డంగా గొట్టం, గొట్టంలోంచి రెండు కాళ్ళు.

"ఏమిటిది డాక్టరుగారూ? అక్కడ రిబ్బను కట్టి నాకోసం కూర్చున్నారు!"

"అయిపోవచ్చిందండీ. ఒక్క నిమిషం."

మెట్ల కిటికీలోంచి యంత్రం చప్పుడు వినబడి ప్రెసిడెంటుగారు తొంగిచూశాడు. సంఘం వారి ఆవరణ నిట్టనిలువునా లేచిపోతోంది. ఆయన నోరు అలాగే తెరుచుకుపోయింది. పళ్ళ డాక్టరు ఎంత చెప్పినా ఎవరూ అంత పెద్దగా నోరు తెరిచి ఉండరు.

ఫైరాఫీసరు తాడు భుజాన వేసుకుని పైకొచ్చాడు. "బోరెక్కడ?"

"బోరు కాదండీ, టెలిస్కోపు," అన్నాడు డాక్టరు.

"మరి బాబు?"

డాక్టరు కాళ్ళు చూపించాడు. ఆఫీసరు ఆ కాళ్ళని, వాటి మీది వెంట్రుకల్ని చూసి నిట్టూర్చాడు. కిటికీలోంచి అరిచి యంత్రాన్ని ఆపించాడు. "ఎవరైతేనేం, ప్రాణం ప్రాణమే. రంపం తెండి, కోసేద్దాం."

"కొయ్యండి! ముక్కలు ముక్కలు చెయ్యండి!" అన్నాడు పైనుంచి ప్రెసిడెంటుగారు.

డాక్టరు గొట్టం మీద బోర్లా పడుకుని రెండు చేతులా కావిలించుకున్నాడు. "దీని మీద రంపం పడాలంటే ముందు నా మీద పడాలి."

"పక్కకి జరగండి సార్. మనిషి ముఖ్యమా, పెట్టె ముఖ్యమా?"

గొట్టంలోంచి జవాబొచ్చింది. "పెట్టె కొయ్యకండి సార్! ఒక్కటే నట్టుంది, అదీ తిరుగుతోంది!"

ఇద్దరు ఫైరు సిబ్బంది చెరో కాలూ పట్టుకున్నారు. డాక్టరు లేచి చొక్కా చేతులు పైకి మడిచాడు. అంతవరకూ బిక్కమొహం వేసుకున్న మనిషి క్లినిక్కులో మనిషైపోయాడు. "లాగొద్దు! లాగితే విరుగుతుంది. పన్నైనా మనిషైనా ముందు కుదురు వదిలించాలి. మెల్లిగా అటు... ఇప్పుడిటు... ఆ, అలాగే. బాబూ, నోరు పెద్దగా తెరువు!"

"ఇరుక్కుంది భుజాలు బావా!"

"అలవాటులో అన్నా. ఊపిరి వదిలెయ్. నొప్పుండదు."

నొప్పుందని గొట్టం చాలాసేపు చెప్పింది. అయినా డాక్టరు తొందరపడలేదు, ఎవరినీ పడనివ్వలేదు. చివరికి బావమరిది నల్లటి మొహంతో, పిడికిట్లో ఆఖరి నట్టుతో ఊడివచ్చాడు. చెవులు రెండూ టపటపా రాలాయి. పట్టు తప్పిన గొట్టం సిబ్బంది ఇద్దరి మీదికీ జారింది. దాన్ని ఆపడం కన్నా దాంతోపాటు దిగడమే సుఖమని వాళ్ళు మలుపులన్నీ తిప్పుకుంటూ తీసుకెళ్ళి ఆవరణలో నిలబెట్టారు.

దాని వెనకే చెమటలు కక్కుతూ డాక్టరు భార్య, చేతుల్లో బొంత మూటతో దిగింది. విలేకరి కేక పెట్టాడు. "బాబు క్షేమం! తల్లి ఒడి చేరిన చిన్నారి! అమ్మా, ఒక్కసారి మొహం చూపించండి!"

పొద్దుట్నుంచీ ఆ బరువు మోస్తున్న ఆమెకి వాదించే ఓపిక లేదు. బొంత అంచు తొలగించింది. విలేకరి లోపలికి తొంగిచూశాడు. లోపల్నుంచి గుమ్మడికాయంత తల ఒకటి, రోకలంత మైకు పట్టుకుని, ఆయన వైపే గుడ్లప్పగించి చూసింది. విలేకరి రెండడుగులు వెనక్కి వేశాడు.

"అచ్చం మీ పోలికే కదూ?" అంది ఆమె, బొంత మళ్ళీ కప్పుతూ.

గొట్టాన్ని తిరిగి పైకెక్కించడానికి ఎవరూ ఒప్పుకోలేదు. "అది మెట్లెక్కితే మళ్ళీ మేమే రావాలి," అన్నాడు ఆఫీసరు. డాక్టరు తల పైకెత్తి చూశాడు. రెండు మేడల మధ్య చారెడు ఆకాశం ఉంది. చారెడే చాలనుకున్నాడు. గుంట పక్కనే గొట్టానికి పీట వేశాడు, చెవులు బిగించాడు, అద్దం కూర్చోబెట్టాడు. మధ్యాహ్నమంతా ఎండలో మరలు తిప్పుతూనే ఉన్నాడు. ఏదో ఒకటి చూడందే పోయేది లేదని జనం కూడా కదల్లేదు. మసకచీకటి పడుతుండగా ఎదుటి మేడ మీద సగం చంద్రుడు తేలాడు.

సరిగ్గా అప్పుడు ప్రెసిడెంటుగారు మళ్ళీ కిందికి వచ్చాడు. కొట్టు ప్రారంభోత్సవం వేరొకరితో కానిచ్చేశారని కబురందింది. జనం తప్పుకుని దారిచ్చారు. ఆయన గొట్టాన్ని చూశాడు. జనాన్ని చూశాడు. కెమెరాని చూశాడు. గుంట చుట్టూ బిగుతుగా కట్టిన పసుపుపచ్చ పట్టీని మరీ పరీక్షగా చూశాడు.

"కత్తెరుందా?" అన్నాడు దర్జీ ఆవిడతో.

పట్టీ తెగింది. చప్పట్లు మోగాయి. ముఖ్య అతిథి స్టూలెక్కి గొట్టంలోకి చూశాడు. "అబ్బ, ఎన్ని గుంటలయ్యా!" అని పసిపిల్లాడిలా నవ్వాడు. దిగి, పంచె సర్దుకుని, వెంటనే సంఘం బాధ్యత తలకెత్తుకున్నాడు. "తోసుకోకండి! వరసలో రండి! ఫ్లాటుకి ఒక్కరే!"

దర్జీ ఆవిడ చూసింది. బావమరిది చూశాడు. ఆఫీసరు రెండుసార్లు చూశాడు. చంద్రుడు జరిగినప్పుడల్లా డాక్టరు గొట్టాన్ని వేలెడు జరుపుతూ, పక్కన నిలబడి ఒక్కొక్కరి మొహంలోనే చంద్రుణ్ణి వెతుక్కున్నాడు. వరసంతా అయ్యాక తను స్టూలెక్కబోయాడు.

ప్రెసిడెంటుగారు చెయ్యి అడ్డం పెట్టాడు. "మీ ఫ్లాటు తరఫున మీ బావమరిది చూసేశారుగా?"

"ఇది నేను చేసిందండీ."

"కాదన్నానా? రూలు అందరికీ ఒకటే."

వాళ్ళు మాట్లాడుతుండగానే చంద్రుడు ఎదుటి మేడ నీళ్ళ ట్యాంకు వెనక్కి వెళ్ళిపోయాడు.

మర్నాడు క్లినిక్కు ముందు పేషెంట్లు దవడలు పట్టుకుని చాలాసేపు నిలబడ్డారు. డాక్టరు ప్లైవుడ్డు కొట్లో, ఈసారి చెవులతో సహా మెట్ల మలుపులో పట్టే చిన్న గొట్టానికి పలకలు కొలిపిస్తున్నాడు.