మూడు కుర్చీలు, ఒక్క మనిషి

అధికారమంతా ఒక్కరి చేతిలో ఉండటమంత సుఖం లోకంలో ఇంకొకటి లేదు! నమ్మరా? అయితే మా అపార్ట్‌మెంటుకి రండి.

చట్టం చేసేవాళ్లు వేరు, నడిపేవాళ్లు వేరు, తప్పొప్పులు తేల్చేవాళ్లు వేరుగా ఉండాలని రాజ్యాంగం చదివినవాళ్లు చెప్తారు. ముగ్గురెందుకండీ? ముగ్గురు చేరితే మూడు మాటలు, ముప్పై కప్పుల టీ!

మా సెక్రటరీ గారికీ రాజ్యాంగమంటే మహా గౌరవం. అందుకే ఆఫీసు గదిలో మూడు కుర్చీలు వేయించారు. మొదటిదాంట్లో కూర్చుని రూలు పెడతారు. లేచి రెండోదాంట్లో కూర్చుని అమలు చేస్తారు. ఎవరైనా మొత్తుకుంటూ వస్తే మూడోదాంట్లోకి జరిగి, తాను చేసింది సబబేనని తానే తేలుస్తారు. అప్పీలు కావాలా? దానికేం భాగ్యం! ఒకసారి లేచి, మళ్లీ అందులోనే కూర్చుంటారు.

మొన్న మొదటి కుర్చీలో ఒక రూలు పుట్టింది. లిఫ్టు అరిగిపోతోంది కాబట్టి ఇకమీదట కమిటీకే. కమిటీ అంటే ఆయనే! వెంటనే రెండో కుర్చీలోకి మారి, తాళం వేయించి, తాళంచెవి జేబులో వేసుకున్నారు.

మాది నాలుగో అంతస్తు. మా ఆవిడవి అరిగిన మోకాళ్లు. లిఫ్టు అరిగితే రూలుంది గానీ, మోకాళ్లు అరిగితే ఏ రూలూ లేదు. గోడ పట్టుకుని ఎలాగో కిందికి దిగి, ఆఫీసు గదిలో అందిన కుర్చీలో కూలబడింది. అది మూడోది!

"అమ్మా, అది తీర్పు చెప్పే కుర్చీ. లేవండి."

"లేవలేకే కదా బాబూ నీ దగ్గరికొచ్చింది! ఇందులో కూర్చున్నవాళ్ల మాట చెల్లుతుందా?"

"చెల్లి తీరాలి. రూలది."

"అయితే విను. లిఫ్టు అందరిదీ. తాళం తీయించు."

సెక్రటరీ గారు రూలు తప్పే మనిషి కాదు. "తీర్పు తీర్పే" అని తల వంచారు. వంచిన తలతోనే రెండో కుర్చీలో కూర్చుని, ఎప్పుడు అమలు చెయ్యాలో ఆలోచిస్తున్నానన్నారు. ఇంకా ఆలోచిస్తూనే ఉన్నారు.

ఏమైతేనేం, గెలుపు మాదే! గెలిచినావిడ మెట్లెక్కింది, వెనకాల నేను. మూడో అంతస్తు మలుపులో ఆగి, రొప్పుతూ అడిగింది.

"కుర్చీలు మూడు వేశారు, బాగానే ఉంది. మనుషులు ముగ్గురేరండీ?"

నేను చెయ్యందించి ఇంకో మెట్టు ఎక్కించాను.

మొదటి వాక్యంలో సుఖం అన్నాను చూడండి. ఎవరికన్నది రాయడం మరిచాను.