సత్యవేణి, లేదా భ్రమరాంబ

ముందే ఒప్పేసుకుంటున్నాం: ఈ కథలో సత్యవేణి ఉందో లేదో మాకింకా తేలలేదు. పోయిన సోమవారం వార్డు ఆఫీసు కంప్యూటర్ ఆమెను "లేదు" అంది. మధ్యాహ్నానికల్లా అద్దంలో ఆమె బొట్టు ఒక్కటే మిగిలింది.

ఇందులో వింతేం లేదు. రుజువు దొరకనిదేదైనా లేనట్టేనని ఆ కంప్యూటర్ నియమం. వీధిలో అలా లేకుండా పోయినవాళ్లు చాలామందే ఉన్నారు. ఎక్కడ తగులుతారోనని జనం కాస్త పక్కకి తప్పుకుని నడుస్తారు. లేకపోవడం సత్యవేణికి పెద్ద బాధ కాదు. లేని మనిషికి కుళాయి కనెక్షన్ ఇవ్వరు, అదీ బాధ. బొట్టు సరిచేసుకుని ఆఫీసుకెళ్లింది.

కంప్యూటర్‌కి నియమాలు రాసే మృదుల బొట్టు చూసి గుర్తుపట్టింది.

"రండి పిన్నిగారూ, మంచిరోజే వచ్చారు. దీనికి నిన్ననే 'కాదు' నేర్పాం."

"ఇన్నాళ్లూ అన్నది అదేగా!"

"అది 'లేదు' అండీ. రుజువు దొరక్కపోతే లేదు. కానట్టు రుజువైతేనే 'కాదు'. మీరు మీ మామగారింటి కోడలు కాదని ఎవరూ రుజువు చెయ్యలేదు."

"అయితే ఉన్నట్టేనా?"

"ఆగండి, 'లేదా' కూడా నేర్పాం."

"అదే 'లేదు'కి దీర్ఘం తీశారన్నమాట!"

రుజువుగా ఉన్న రేషన్ కార్డులో "కోడలు" అని ఒక్క మాటే ఉంది. ఇంట్లో ఎవరూ పిలవని పేరు కార్డులో మాత్రం ఎందుకని మామగారు రాయించలేదు. ఆ ఇంటికేమో కోడళ్లిద్దరు: సత్యవేణి, తోడికోడలు భ్రమరాంబ. కోడలంటే సత్యవేణి లేదా భ్రమరాంబ అని కంప్యూటర్ కాసేపు ఆలోచించి రెండు లోకాలు తయారుచేసింది. ఒకదాంట్లో కోడలు సత్యవేణి. రెండోదాంట్లో భ్రమరాంబ.

సత్యవేణికి మోచేతుల దాకా చేతులొచ్చాయి.

"బానే ఉందే!" వేళ్లు ముడిచి, చాపి చూసుకుంది. "మరి కుళాయి?"

"దానికి అన్ని లోకాల్లోనూ మీరే కోడలై ఉండాలండీ."

"చెత్త పారబోశానని జరిమానా వేశారు. పోన్లే, అదీ పోయినట్టేగా?"

"జరిమానాకి ఏదో ఒక లోకంలో ఉంటే చాలు."

"ఎవరు పెట్టారమ్మా ఈ నియమం?"

"ఎవరూ పెట్టలేదు పిన్నిగారూ. ముందునుంచీ ఇంతే. మేం కంప్యూటర్‌లోకి ఎక్కించామంతే."

ఇంటికొచ్చేసరికి గుమ్మంలో భ్రమరాంబ. ఆమెకీ మోచేతుల దాకానే. ఇద్దరూ చెరో చెయ్యీ వేసి వీధి పంపు దగ్గర్నుంచి బిందె మోసుకొచ్చారు. లోపల్నుంచి మామగారు కేకేశారు.

"కోడలా! మంచినీళ్లు!"

"వస్తున్నా మావయ్యా!" అన్నారు ఇద్దరూ, ఒకే గొంతుతో.

మీరు ఎన్ని లోకాల్లో ఉన్నారో మాకు రాయండి. రాయకపోతే లేరనే అనుకుంటాం.