తొమ్మిది అంగుళాలకు నేల సమ్మతి

సర్వే నంబరు నాలుగు వందల పన్నెండులోని నేల, తనను ఏ మిషన్‌తో తవ్వాలో తానే ఎంచుకుంటానని సోమవారం పొద్దున అర్జీ పెట్టుకుంది. అర్జీ పద్ధతి ప్రకారమే ఉంది. పడమటి గట్టు పక్కన మూడు బారల మేర పగుళ్లతో రాసిన అక్షరాలు, ఒత్తులతో సహా సరిగ్గా పడ్డాయి. గ్రామ రెవెన్యూ అధికారి వచ్చి ఫొటో తీసుకుని, దానికొక సంఖ్య వేసి, పొలం గలామె ఓబుళమ్మ చేతిలో రసీదు పెట్టి వెళ్లాడు.

ఓబుళమ్మకు ఆశ్చర్యమేమీ కలగలేదు. నేలలకు అభ్యంతరం చెప్పుకునే హక్కు వచ్చి ఏడేళ్లయింది. నిరుడు హైస్కూలు ఆటస్థలం వాలీబాల్ స్తంభాలు వద్దని రాసి, కబడ్డీకి ఒప్పుకుంది. ఆమెకు కలిగింది భయం. వేరుశనగ ఊడలు దిగి కాయ గట్టిపడే సమయం అది. అడవిపందులు అప్పటికే రెండుసార్లు వచ్చి అర ఎకరం తిరగదోడి పోయాయి. ఇంకో రెండుసార్లు వస్తే పీకడానికి చెట్టు మిగలదు. పొలం చుట్టూ రాతి కూసాలు పాతి ముళ్లకంచె లాగాలని ఆమె, భర్త పుల్లన్న అనుకుని, కూసాలు తెప్పించి గట్టు మీద దింపించారు. అవి దింపిన చోటే పడి ఉన్నాయి.

తప్పు నేలది కాదని ఓబుళమ్మకు తెలుసు. అది గరుసు నేల. పైన జానెడు ఎర్రమన్ను, దాని కింద గడ్డపారకు కూడా ఒక పట్టాన లొంగని గరుసు, నడుమ నడుమ పలుగురాళ్లు. పుల్లన్న గడ్డపారతో మొదలుపెట్టి, రోజంతా పొడిచి, రెండు గుంతలు తీసి, నడుం పట్టేసి మంచం ఎక్కాడు. అప్పుడు ఆమె ట్రాక్టర్ దస్తగిరిని పిలిచింది. దస్తగిరి దగ్గర ట్రాక్టర్ వెనక తగిలించే గుంతల మిషన్ ఉంది. దాని మరబిట్టు తిరుగుతూ నేలలోకి దిగుతుంది. చెరువు కింద మెత్తని మళ్లలో అరటికీ కొబ్బరికీ గుంతలు తీసే బిట్టునే అతను ఇక్కడికీ తెచ్చాడు. అడుగు లోతుకు పోగానే బిట్టు నిలిచిపోయి, దానికి అడ్డంగా వేసిన బోల్టు తెగింది. కొత్తది వేస్తే అదీ తెగింది. మూడోది తెగిన మర్నాడే అర్జీ వచ్చింది.

"దాన్ని అడగకుండా దిగితిమి కదక్కా. కోపం రాదా?" అన్నాడు దస్తగిరి.

నేల అర్జీని మూడు రోజుల్లో వినాలని చట్టం. గురువారం పొద్దున ఎనిమిది గంటలకల్లా వినికిడి అధికారి శేషఫణి చాప, గొడుగు, స్టెతస్కోపు, ఫారం పదకొండు తీసుకుని పొలంలోకి వచ్చాడు. బక్కపలచని మనిషి. ఒక చెవి ఎప్పుడూ కాస్త ఎర్రగా ఉంటుంది. చాప పరుచుకుని బోర్లా పడుకుని, స్టెతస్కోపు బిళ్ల నేల మీద పెట్టి, ఫారంలోని ప్రశ్నలు ఒక్కొక్కటే అడగడం మొదలుపెట్టాడు. నేల చెప్పింది విని, పైకి చెప్పి, తర్వాత రాసుకునేవాడు.

"పన్నెండు అంగుళాల బిట్టు వద్దంటోంది. కూసం మందం ఆరంగుళాలైతే అంత గుంత దేనికంటోంది. చుట్టూ వదులు మన్ను నింపితే, పంది ఒకసారి ఒళ్లు రుద్దుకుంటే కూసం వాలిపోతుందట."

"నిజమే సార్. నేనూ అదే అనుకుంటి" అన్నాడు దస్తగిరి.

"మరి చెప్పలేదేం?"

"నన్నెవురూ అడగల్యా."

శేషఫణి ఆ మాట రాసుకోలేదు. ఫారంలో మిషన్ వాడికి గడి లేదు. ఆరంగుళాల బిట్టు గురించి అడిగాడు. అందులో కూసమే దిగదని నేల చెప్పింది. తొమ్మిది అంగుళాలది సరేనంది. అయితే అరటి గుంతలు తీసే పళ్లతో రావద్దంది. "గోకినట్టు ఉంటుందట. తవ్వితే తవ్వాలి, లేకుంటే ఊరుకోవాలి అంటోంది. రాతినేలకు వేసే పళ్లు ఉంటాయట కదా, మొనకు కార్బైడ్ అనే గట్టి ముక్క అతికించినవి. బిట్టు నడుమ ముందుగా దిగే మొన కూడా అలాంటిదే ఉండాలట. మరకు ఒక చుట్టు చాలదు, రెండు చుట్లుండాలి, అప్పుడే అటూ ఇటూ ఊగకుండా దిగుతుందంటోంది."

దస్తగిరి బీడీ కట్ట వెనకాల రాసుకుంటున్నాడు. పెద్ద మాస్టారు పాఠం చెబుతుంటే కూర్చున్నట్టు గట్టు మీద గొంతుక్కూర్చున్నాడు.

"ట్రాక్టర్ ఎన్ని హార్స్‌పవరని అడుగుతోంది."

"నలభై ఐదు, సార్."

శేషఫణి మళ్లీ చెవి పెట్టాడు. "చాలంట. గేర్‌బాక్స్ మాత్రం ఆ బండి బలానికి తగింది పెట్టమంటోంది. చిన్నది పెడితే దాని కేకలు వింటూ పడుండలేనంది. బండి వేగం పెంచొద్దు, బిట్టు నెమ్మదిగా తిరగాలి. అడుగుకోసారి పైకి లేపి మన్ను దులుపుకోవాలి. తవ్వే ముందురోజు సాయంత్రం గుర్తు పెట్టిన ప్రతిచోటా ఒక బిందె నీళ్లు పోయాలి. ఇంకా," అని ఆగి విన్నాడు, "బోల్టు తెగుతోందని గట్టి బోల్టు వేస్తారేమో, వేయొద్దంటోంది. తెగడానికే దాన్ని పెట్టింది. అది తెగకపోతే గేర్‌బాక్స్ పగులుతుంది."

ఇరవై ఏళ్లుగా బండి తోలుతున్న దస్తగిరి తల ఊపాడు. ఓబుళమ్మ మూడు రోజుల్లో మొదటిసారి గట్టు మీద పడి ఉన్న కూసాల వైపు చూసింది. నేల వద్దనలేదు. సరిగ్గా రమ్మంది, అంతే.

అదే ధైర్యంతో ఆమె నోరు తెరిచింది. "సార్, నాదొక మాట. ఈ నేల మూడెకరాల ఇరవై సెంట్లు. కాగితంలో రెండు ముప్పై అని పడింది. నాలుగేండ్ల నుంచి అర్జీలు పెడతానే ఉండా. దాని కొలత అదే చెప్తాది, రవ్వంత అడగండి."

"విస్తీర్ణం అడగడానికి గడి లేదమ్మా."

"అయితే నా మాటన్నా వినండి సార్."

శేషఫణి విసుక్కోలేదు. ఆయన మర్యాదస్తుడు. స్టెతస్కోపు మడుచుకుంటూ ఓపిగ్గా చెప్పాడు. నేల అర్జీలు వినడానికి, మనుషుల అర్జీలు చదవడానికి. చదివే విభాగం వేరు. అందులో ఉద్యోగం ఖాళీగా ఉంది. వినే విభాగం వాడు మనిషి మాట వింటే అది విధి ఉల్లంఘన కిందకు వస్తుంది.

శుక్రవారం సమ్మతిపత్రం వచ్చింది. తొమ్మిది అంగుళాల బిట్టుకు, రెండడుగుల లోతుకు, రికార్డులో ఉన్న రెండెకరాల ముప్పై సెంట్ల చుట్టూ మాత్రమే సమ్మతి. తూర్పున తొంభై సెంట్ల వేరుశనగ కంచెకు బయట పడిపోయింది. నాలుగు మూలల్లో పెద్ద కూసాలకు మాత్రం గుంతలు పక్కపక్కన తీసి, గడ్డపారతో కలిపి, నడుంలోతుకు దింపి వెడల్పు చేసుకోవచ్చని నేల ఉదారంగా ఒప్పుకుంది.

దస్తగిరి టౌనులో పనిముట్ల కొట్లు మూడు తిరిగి, నేల చెప్పిన బిట్టే తెచ్చాడు. కొట్టువాడు అంతకంటే మెరిసేది ఒకటి చూపించి ఇదే అందరూ కొంటున్నారన్నాడట. నేల ఒప్పుకోదని దస్తగిరి చెప్పగానే మారు మాట్లాడకుండా లోపలికి పోయి అసలుది తెచ్చాడట. శనివారం సాయంత్రం ఓబుళమ్మ నూట యాభై గుర్తుల మీద నూట యాభై బిందెల నీళ్లు పోసింది. నడుం పట్టు వదలని పుల్లన్న గట్టు మీద కూర్చుని లెక్క చెప్పాడు.

ఆదివారం బిట్టు దిగింది. మొదటి గుంత దగ్గర ఓబుళమ్మ, పుల్లన్న నిలబడి చూస్తున్నారు. బిట్టు ఎర్రమన్ను దాటి గరుసును తాకినప్పుడు ఒక్కసారి గుర్రుమంది. తర్వాత గరుసు పొడిపొడిగా, జొన్నరవ్వలా, మర చుట్లెక్కి పైకి వచ్చింది. దస్తగిరి లేపాడు, దులిపాడు, మళ్లీ దింపాడు. రెండడుగులు. అంచులు గీసినట్టున్నాయి. ఓబుళమ్మ గుంతలోకి చెయ్యి పెట్టి తడిమి, ఆ చెయ్యి చీరకు తుడుచుకోకుండా చాలాసేపు అలాగే పట్టుకుంది. రెండు రోజుల్లో గుంతలన్నీ అయిపోయాయి. బోల్టు ఒక్కటే తెగింది, అదీ పలుగురాయి తగిలి. ఆ గుంత దగ్గర నేల తనంతట తానే 'క్షమించవలెను' అని చిన్న పగులు రాసింది.

మంగళవారం మధ్యాహ్నం ఓబుళమ్మ తూర్పు మూలగుంతలో దిగి, అడుగున పడ్డ రాళ్లు ఏరి బయట వేస్తోంది. గుంత ఆమెకు నడుందాకా వచ్చింది. వంగితే తల కూడా కనబడదు. పక్కనే కంచెకు అవతలపడ్డ తొంభై సెంట్లు పచ్చగా ఊగుతున్నాయి. వాటిని చూసి ఆమె, రాళ్లు ఏరుతూనే, నాలుగేళ్ల అర్జీని మళ్లీ మొదటి నుంచి చెప్పుకోసాగింది. ఎవరితోనో కాదు, ఊరికే. తన నాయన ఆ తొంభై సెంట్లను ఎట్లా చదును చేశాడో, సర్వేకు వచ్చినవాళ్లు ఎండ ఎక్కువైందని తూర్పున ఉన్న వాగు దాకా రాకుండా ఎట్లా వెనక్కి పోయారో.

పైన గొడుగు నీడ పడింది. శేషఫణి, తవ్వకం సమ్మతి ప్రకారం జరిగిందో లేదో చూడడానికి వచ్చి, స్టెతస్కోపు బిళ్ల గుంత అంచున పెట్టి బోర్లా పడుకుని రాస్తున్నాడు. అప్పటికే ఒక పేజీ నిండింది.

ఓబుళమ్మ నిటారుగా లేచింది. "సార్, అది నేల కాదు. నేను."

"తెలుసమ్మా. లేవకండి," అన్నాడాయన మెల్లగా. "భూమట్టానికి దిగువన ఉన్నది ఏదైనా నేలే. పధ్నాలుగో నిబంధన. నడుం పైకి వచ్చారంటే సగం మాటలే చెల్లుతాయి. కూర్చోండి. సర్వేవాళ్లు వాగు దాకా రాలేదన్నారు, తర్వాత?"

ఆమె కూర్చుంది. తడి గరుసు చల్లగా వీపుకు ఆనింది. నాలుగేళ్లలో మొదటిసారి ఒక ఆఫీసరు 'తర్వాత?' అన్నాడు. తర్వాత ఏం జరిగిందో ఆమె చెప్పింది. అంతా చెప్పింది. ఫారంలో తప్పనిసరి గడులు కొన్ని ఉంటే ఆయన వాటినీ అడిగాడు.

"రంగు?"

"చామనచాయ, సార్."

"ఎరుపు అని వేస్తాను, దగ్గరది అదే ఉంది. నీరు ఇంకుతుందా?"

ఓబుళమ్మ ఆలోచించింది. "ముందు బాగా ఇంకుతాండె. ఇప్పుడు రవ్వంత కష్టం."

"గట్టిదనం?"

"గట్టిదే సార్. లేకపోతే ఇన్నేండ్లు యాడుంటా."

చివర ఆయన ఎర్రబడ్డ చెవి రుద్దుకుంటూ, ఇంకేమైనా చెప్పుకోవాలా అని అడిగాడు. ఆమెకు ఏడుపు వచ్చింది. అది రాయడానికి గడి లేకపోవడం వల్ల, తేమ అన్న గడిలో 'ఉంది' అని రాసుకున్నాడు.

మూడు రోజులు గడిచేలోపు పందులు తెల్లవారుజామున ఒకసారి వచ్చి తొంభై సెంట్లలో ఐదు సాళ్లు తిన్నాయి. ఓబుళమ్మ, పుల్లన్న డబ్బా కొట్టి తరిమారు. శుక్రవారం ఉత్తర్వు వచ్చింది. విస్తీర్ణం మూడెకరాల ఇరవై సెంట్లుగా సవరించడమైనది. అర్జీదారు: ఓబుళమ్మ. రకం: మెట్ట, గరుసు, మధ్యస్థ సారం. పుల్లన్న చదివి వినిపించి, భార్య ముఖంలోకి చూశాడు.

"నిన్ను గరుసు నేలని రాసినారే."

"రాయనీలే. పేరు తప్పు లేకుండా రాసినారు గదా," అంది ఓబుళమ్మ. ఆ పూట ఆమె రెండు ముద్దలు సంగటి ఎక్కువ తిన్నది.

దస్తగిరి మళ్లీ వచ్చి తూర్పు వరుసను వాగు దాకా జరిపి తవ్వాడు. ఆదివారానికి కంచె పూర్తయింది. పందులు వచ్చి, చుట్టూ తిరిగి, కూసాలకు ఒళ్లు రుద్దుకుని పోయాయి. ఒక్క కూసమూ కదల్లేదు.

పాత తూర్పు వరుస గుంతలు పూడ్చినా, మూలగుంత మాత్రం కంచె లోపల మిగిలిపోయింది. పూడ్చాలని ఓబుళమ్మ పార పట్టుకున్న రోజే పక్క ఊరి నుంచి ఒకామె వచ్చి, ఒక్క గంట దిగనిస్తావా అని అడిగింది. మర్నాడు నలుగురు వచ్చారు. వారం తిరిగేసరికి ఓబుళమ్మ గుంతకు రెండు మెట్లు చెక్కి, పైన తాటాకు నీడ కట్టింది. ఎవరి దగ్గరా ఏమీ తీసుకోదు. శేషఫణి బుధ, శుక్రవారాలు వస్తాడు. చాప అక్కడే ఉంచిపోతాడు. అర్జీలన్నీ గడువులోపే తేలుతున్నాయని జిల్లాలో ఆయనకు మంచి పేరు వచ్చింది. చదివే విభాగంలోని ఖాళీని, ఇక అవసరం లేదని ఎత్తివేశారు.

ఒక శుక్రవారం నారాయణప్ప అనే ముసలాయన కర్ర పట్టుకుని వచ్చాడు. రికార్డులో చనిపోయినట్టు పడి ఆయన పింఛను ఆగి రెండేళ్లయింది. ఓబుళమ్మ రెక్క పట్టుకుని మెల్లగా దింపింది.

"ఎంత లోతు ఉండల్ల తల్లీ?"

"పింఛనుకైతే నిలబడితే చాలు. పొలం తగాదాకి కూర్చోవల్ల. నీది పానం సంగతి కదా పెద్దాయనా, భుజాల దాకా మన్ను పోసుకుంటే తొందరగా తేలుతుందని సారు చెప్పినాడు."

ఆయన ఒప్పుకుని, చేతులు రెండూ కిందికి పెట్టుకుని కూర్చున్నాడు. ఆమె రాళ్లు లేని మన్ను చూసి గంపకెత్తి, కళ్లలో పడకుండా, చుట్టూ నిదానంగా పోసింది. దూరంగా గట్టు మీద శేషఫణి గొడుగు కనబడింది.

"బరువుగా ఉండాదా? ఇంకో గంప పోయల్లనా?"

"పొయ్యి తల్లీ," అన్నాడు నారాయణప్ప కళ్లు మూసుకుని. "హాయిగానే ఉండాది."