చెప్పులు విడిచి నేర్చుకున్న కంప్యూటర్

చెప్పులు గుమ్మం బయటే విడవాలి. కాళ్లకంటిన ఉల్లిపొట్టు గోనెసంచి మీద తుడుచుకోవాలి. తలకు నూనె రాసుకున్నవాళ్లు వెనక బెంచీలో కూర్చోవాలి. తుమ్మొస్తే మెట్లు దిగి, వీధిలోకి వెళ్లి తుమ్మాలి. మూసి ఉన్న గది తలుపు తట్టకూడదు. ఇవన్నీ సక్రమంగా చేశాక కంప్యూటర్ నేర్చుకోవాలి.

అసలు కంప్యూటర్ నేర్చుకోవడానికి అతి పెద్ద అడ్డంకి ఏమిటో మీకు తెలుసా? కంప్యూటరే! అది ఎదురుగా ఉంటే మనిషి దృష్టి దాని మీదికే పోతుంది. చదువు ఎలా అబ్బుతుంది? అందుకే కంప్యూటర్ లేని కంప్యూటర్ క్లాసంత మేలైనది ఈ దేశంలో మరొకటి లేదని మనవి చేస్తున్నాను.

నవ్వకండి. మా ఇంట్లో డిగ్రీ దాకా వచ్చిన మొదటివాణ్ణి నేను. మా నాన్న పోర్టులో బస్తాలు మోసి చదివించాడు. కాబట్టి ఏ సంగతైనా రుజువుతో చెప్పడం నా బాధ్యత.

మా విద్యాలయం పూర్ణా మార్కెట్ వెనక, ఉల్లిపాయల గొడౌను మీద ఉండేది. ప్రొప్రైటరు దొరబాబు గారు. కాంట్రాక్టు పనులకని రాజోలు వైపు నుంచి విశాఖపట్నం వచ్చి, ముందుచూపుతో కంప్యూటర్ విద్యలోకి దిగినవారు. మేం చేరిన రోజునే మాటిచ్చారు.

"కంప్యూటరు గనక దిగితే, మొదటి చెయ్యి మీచేతే వేయిస్తానండి. ఆయ్, మాటంటే మాటేనండి."

గది ఉంది. గదికి ఏసీ ఉంది. తలుపు మీద 'కంప్యూటర్ గది' అని బోర్డుంది. కంప్యూటర్ మాత్రం ఓడలో ఉందన్నారు. హార్బరులో ఓడ కూత వినపడినప్పుడల్లా క్లాసంతా కిటికీ వైపు తిరిగేది. బొగ్గు దిగింది, గోధుమలు దిగాయి, ఎరువులు దిగాయి. మాది మాత్రం దిగలేదు.

ఈలోగా సుందర్ రాజ్ మాస్టారు మాకు డిస్క్రీట్ మేథమేటిక్స్ చెప్పారు. సుద్దముక్క తప్ప మరే సామానూ అక్కర్లేని కంప్యూటర్ చదువు అదొక్కటే మరి. కింద నుంచి ఉల్లి ఘాటు ఎగదన్ని అందరం కళ్లనీళ్లు పెట్టుకునేవాళ్లం. దారినపోయేవాళ్లు మాకు లెక్కలంటే ఎంత భక్తో అనుకునేవారు.

ఆ చదువు వల్ల లాభాలా? మనుషులు సీట్లకన్నా ఎక్కువైతే ఏదో ఒక సీట్లో ఇద్దరుండక తప్పదని అందులో ఒక సూత్రం ఉంది. ఇదివరకు గాజువాక బస్సులో నా ఒళ్లో ఎవరైనా కూర్చుంటే కోపమొచ్చేది. ఇప్పుడు సూత్రం రుజువవుతోంది కదా అని మోకాళ్లు సర్దుకుని కూర్చుంటున్నాను.

చుక్కలూ గీతలతో దారులు లెక్కగట్టే గ్రాఫ్ థియరీ నేర్చుకోగానే, ఏ కొట్టు ముందుకీ రెండోసారి రాకుండా మార్కెట్ అంతా చుట్టే దారి గీసి మా ఆవిడ తాయారు చేతికిచ్చాను. ఆవిడ గీత దాటకుండా తిరిగొచ్చింది. సంచి మాత్రం ఖాళీ.

"కూరలేవీ?"

"బేరం కుదరకపోతే నాలుగడుగులేసి మళ్లీ ఆ కొట్టుకే ఎల్లాలి గదా? ఎల్లొద్దని మీరే గీసేరు," అంది.

ఆ రోజు పచ్చడితో సరిపెట్టుకున్నాం. గ్రాఫులో తప్పు లేదు.

అన్నింటికన్నా గొప్పది 'అయితే' సూత్రం. 'వాన పడితే గొడుగిస్తాను' అన్నామనుకోండి. వాన పడలేదు, గొడుగివ్వలేదు. మాట తప్పినట్టా? కానే కాదు. నిజమో అబద్ధమో తేల్చే పట్టిక, అదే ట్రూత్ టేబుల్, వేసి చూడండి, మనం చెప్పింది సత్యమే. వాన పడనంతకాలం మనల్ని మించిన సత్యసంధులు లేరు. దీన్ని కాస్త గుర్తుంచుకోండి, తర్వాత పనికొస్తుంది.

మా క్లాసులో ప్రేమలీల అనే అమ్మాయి ఉండేది. ఆసుపత్రి ఆయా కూతురు. పోర్టు రోడ్డులో ఒక కంపెనీ కంప్యూటర్ ఉద్యోగానికి పరీక్ష పెడుతోందని తెలిసి చేరింది. అది రాకపోతే ఎలమంచిలిలో మేనమామ చీరల కొట్లో కూర్చోబెడతామని ఇంట్లో ముందే చెప్పేశారు. ఆమెకు డిస్క్రీట్ మేథమేటిక్స్ ఎంత బాగా వచ్చేదంటే, మాస్టారు బోర్డు మీద సగం రాసి, సుద్దముక్క ఆమె చేతికిచ్చి కూర్చునేవారు.

యంత్రం లేని లోటు తీర్చడానికి మాస్టారు మమ్మల్నే కంప్యూటర్ చేశారు. ఒకడు అంకెలు గుర్తుపెట్టుకోవాలి, ఒకడు జవాబు అరవాలి. ఆటోనగర్‌లో లేతు మిషను మీద పనిచేసే వీర్రాజుది లూపు ఉద్యోగం. అంటే, ఆగమనేదాకా టేబుల్ చుట్టూ తిరగడం. ఓరోజు అతను తనే ప్రోగ్రాం రాసుకొచ్చి, తనే తిరగడం మొదలెట్టాడు. గంట కొట్టినా తిరుగుతూనే ఉన్నాడు.

"ఆగవేటి బావా?" అన్నాను.

"ఎలాగ ఆగుతాను బావా? ఆగమని రాయనేదు."

"రాసినోడివి నువ్వే గదా."

"రాసినోడు వీర్రాజు. తిరుగుతన్నది కంప్యూటరు. దానికి సొంత బుర్రుండదని మాస్టారు సెప్పనేదేటి?"

మాస్టారు తల పట్టుకున్నారు. చివరికి ప్రేమలీల లేచి, "వీర్రాజన్నా, కరెంటు పోయింది," అంది. అతను ఉన్నచోటే కూలబడ్డాడు.

దసరా వచ్చింది. ఆయుధపూజ చేయాలి కదా! ఆయుధం లేదు కాబట్టి మూసి ఉన్న తలుపుకే పసుపు రాసి, బొట్టు పెట్టాం. వీర్రాజు గుమ్మం మీద కొబ్బరికాయ కొట్టాడు. ఆ దెబ్బకి తలుపు లోపల్నుంచి తెరుచుకుంది. చెంప మీద తలగడ ముడతలతో దొరబాబు గారు దర్శనమిచ్చారు. వెనక మంచం, దోమతెర, మంచినీళ్ల కూజా.

"ఏంటండీ ఈ గోల? ఇప్పుడే కునుకు పట్టిందండి."

"కంప్యూటరేదండీ?" అన్నాడు వీర్రాజు.

"దిగాలి కదండీ. దిగేదాకా గది పాడుబడకుండా చూసుకుంటున్నానండి," అని ఆయన తలుపేసుకున్నారు.

చెప్పులు ఎందుకు విడవాలో, వీధిలోకి వెళ్లి ఎందుకు తుమ్మాలో అప్పుడు బోధపడింది. ఏ నిబంధనైనా ఓపిగ్గా పాటిస్తే, కారణం దానంతటదే తెలుస్తుంది.

పరీక్ష రోజున ప్రేమలీలను వీర్రాజూ నేనూ కంపెనీ గేటు దాకా దిగబెట్టి, అక్కడే టీకొట్టు దగ్గర కూర్చున్నాం. ఆమె తల దించుకుని బయటికొచ్చింది.

"ఏటయిందమ్మా?" అన్నాడు వీర్రాజు.

"పేపరు మీద ప్రోగ్రాం అందరికన్నా ముందు రాసేసినాను. బాగుందన్నారు. మరి కంప్యూటర్ దగ్గరికి రమ్మన్నారు. సెప్పులు ఇప్పేసి నిలబడ్డాను."

"మంచిదే గదా."

"ఇంకెవులూ ఇప్పనేదన్నా. అందరూ నవ్వినారు. స్విచ్చి ఎక్కడుంటాదో నాకేటి తెలుసు? నాను ఎతుక్కుంటుంటే పక్కోడు టకటకా కొట్టేసినాడు. ఇదివరకు ముట్టుకున్నోళ్లే కావాలంట."

వీర్రాజు అక్కణ్నుంచి నేరుగా విద్యాలయానికి వెళ్లి దొరబాబు గారి తలుపు బాదాడు. వెనకే మేమిద్దరం వెళ్లాం. "మాటిచ్చి తప్పుతారేటండీ?"

"కంప్యూటరు దిగితే అన్నానండి. దిగిందాండి?"

వీర్రాజు మా వైపు చూశాడు. ప్రేమలీల సుద్దముక్క తీసుకుని, బోర్డు మీద ట్రూత్ టేబుల్ వేసి, తనే దిద్దుకుంది. "ఆయన అబద్ధమాడినట్టు రాదన్నా," అని, చెప్పులు చేత్తో పట్టుకుని మెట్లు దిగిపోయింది.

అందుకే అంటున్నాను, కంప్యూటర్ లేకపోవడమే మేలు. ఉండి ఉంటే దొరబాబు గారంతటి పెద్దమనిషి అబద్ధాలకోరయ్యే ప్రమాదం ఉండేది. ఆయన ఇప్పటికీ ఆ గదిలోనే సత్యానికి కాపలా పడుకుంటున్నారు.

ప్రేమలీల ఎలమంచిలిలో చీరలు మడతపెడుతోంది. మీలో కొందరి ఆఫీసుల్లోకి కంప్యూటర్లు నిజంగానే వచ్చాయని విన్నాను. ఎప్పుడైనా ఒక అమ్మాయి చెప్పులు చేత్తో పట్టుకుని మీ గది గుమ్మంలో నిలబడితే, ఇదివరకు ముట్టుకున్నావా అని అడక్కండి. ఆమె పేరు ప్రేమలీల. కాస్త గుర్తుపెట్టుకుని, స్విచ్చి ఎక్కడుందో చూపించండి.